లెదర్‌కు ఏ రంగు వెయ్యాలె, పైన ఏ ఫినిష్ కొట్టాలె: సోఫా, కారు సీటు, బూట్లు, బ్యాగు దేనికి ఏది పనికొస్తది

తోలు వస్తువు రంగు పోయిందంటే చాలు, ఎవరైనా మొదలు అడిగేది ఏ కంపెనీ డై మంచిది, ఏ షేడ్ తీస్కోవాలె అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదటిది ఏందంటే, ఆ తోలు మీద ఇప్పటికే ఏమున్నది? ఎందుకంటే మీరు కొత్తగ పెట్టే రంగు తోలు లోపటికి పోవాల్నా, లేకపోతే పైనున్న పాత కోటింగును పట్టుకొని ఉండాల్నా అనేది దాన్ని బట్టే తేలుతది, అది తేలకుండ ఎంత ఖరీదు సీసా కొన్నా ప్యాంటుకు అంటుడు, పొరలు పొరలు లేసుడు తప్పదు.

మన వరంగల్, హన్మకొండ, కాజీపేట దిక్కు ఇండ్లల్ల ఎక్కువ కనిపించేవి కారు సీట్లు, స్టీరింగులు, సోఫాలు, ఆఫీసు బ్యాగులు, బెల్టులు, డ్యూటీ బూట్లు, పెట్టెల దాచిపెట్టిన తాతల కిర్రు చెప్పులు. వీటన్నిటికి ఒక్కటే సీసా సరిపోదు, ఆల్ ఇన్ వన్ అని రాసి అమ్మేదాన్ని నేనైతే పక్కకే పెడ్త.

ముందుగాల టెస్టు. కనపడని చోట, అంటే సోఫా కుషన్ కిందనో బ్యాగు ఫ్లాప్ లోపటనో తడిగుడ్డతోని దుమ్ము తుడిచి ఒక్క నీళ్ల చుక్క పెట్టుండ్రి. నిమిషంల చుక్క లోపటికి ఇంకి అక్కడ మచ్చలాగ ముదురు రంగు అయ్యిందంటే అది ఓపెన్ లెదర్, అనిలిన్ (పైన పొర లేకుండ డై మాత్రమే వేసింది) అనో న్యూబక్ (పైన నూగు లేపింది) అనో వెజ్ ట్యాన్ (చెట్టు బెరడుతోని పదును చేసింది) అనో పిలుస్తరు. చుక్క గుండ్రంగ అట్లనే కూసున్నదంటే పైన పిగ్మెంట్ కోటింగ్, అంటే పెయింటు లాంటి రంగు పొర ఉన్నట్టు, కారు సీట్లు, మామూలు సోఫాలు చాలామట్టుకు ఇవే. మధ్యల ఒకటి మోసం చేస్తది, పుల్-అప్ లెదర్ అని మైనం నూనె బాగ పట్టిచ్చిన రకం ఉంటది, దాని మీద గూడ చుక్క నిలవడ్తది. దాన్ని వెనక నుంచి వేలుతోని పైకి నూకి చూడుండ్రి, నూకిన కాడ రంగు లేతగ అయితే, గోరుతోని గీస్తే తెల్లగీత పడి మళ్ల వేలుతోని రుద్దితే మాయమైతే అది పుల్-అప్.

ఇంకో టెస్టు తెల్ల కాటన్ గుడ్డ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అంటే సెల్‌ఫోన్ రిపేరోళ్లు బోర్డులు కడిగే ఐపీఏ, కొంచెం వేసి మెల్లగ తుడుసుడు. గుడ్డకు రంగు వెంటనే పలుచగ, పారదర్శకంగ వస్తే డై ఉన్నట్టు. గట్టిగ రుద్దితే గాని రాకుండ, వచ్చినా పెయింటు లాగ జిగురుజిగురు ముద్దగ వస్తే పిగ్మెంట్ కోటింగు. ఎక్కడబడితే అక్కడ రుద్దకుండ్రి, ఈ టెస్టుతోనే ముందు భాగం పాడు చేసుకున్నోళ్లు మస్తుమంది ఉన్నరు.

ఇగ రెక్సిన్ సంగతి ఇక్కడ్నే తేల్చేద్దాం. లెదర్ సోఫా అని అమ్మినదాంట్ల చాలాసార్లు మనిషి కూసునే భాగం, ఆనుకునే భాగమే అసలు తోలు, పక్కలు వెనక రెక్సిన్ ఉంటది. కింద బట్ట కుట్టిన కాడ స్టేపుల్ పిన్ను ఒకటి తీసి వెనక్కి తిప్పి చూస్తే తోలైతే పీచుపీచుగ గరుకుగ ఉంటది, రెక్సిన్ అయితే నేసిన బట్ట కనిపిస్తది. పొలుసులు పొలుసులుగ రాలిపోయే రెక్సిన్ గానీ, తోలు పొడిని బంకతోని కలిపి చేసిన బాండెడ్ లెదర్ గానీ ఏ డై వేసినా బాగుపడదు, ఎందుకంటే పైనున్న పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) పొరనే వేడికి, గాలిల తేమకు రసాయనికంగ విరిగిపోతున్నది, దాని మీద మీరు ఏం రాసినా దాంతోనే రాలిపోతది. అసొంటి దానికి రంగు కొనే పైసలతోని కొత్త కవర్ కుట్టిచ్చుకోండ్రి.

డై, పిగ్మెంట్ తేడా గోరింటాకుకు గోళ్లరంగుకు ఉన్న తేడానే. డై కరిగి పీచులోపటికి పోతది, తోలు సహజంగ ఉన్న గీతలు, రంధ్రాలు, దోమకాటు మచ్చలు గూడ పైకి కనిపిస్తనే ఉంటయి, చేతికి పెయింట్ తగిలినట్టు అనిపియ్యదు. పిగ్మెంట్ అంటే సన్నటి రంగు పొడి, దాన్ని పట్టుకునే అక్రిలిక్ లేక పీయూ బంక కలిపి ఉంటది, అది పైన పొరలాగ కూసుంటది, మచ్చలు కప్పుతది, ఎండకు డై అంత తొందరగ వెలవదు. డై దేన్నీ కప్పదు. నూనె మరక పడ్డ బ్యాగుకు బ్రౌన్ డై వేస్తే మరక పోదు, ముదురు బ్రౌన్ మధ్యల ఇంకా ముదురు మరక ఉంటది, అంతే. ఇంకోటి, డైతోని ముదురు చేసుడే గాని లేత చేసుడు ఉండదు, నల్ల బ్యాగును ట్యాన్ రంగు (లేత గోధుమ) చేస్త అని డై కొనుక్కుంటే ఆ పైసలు పోయినట్టే.

ఈ లెక్క పట్టుకుంటే చాలామట్టుకు ఎంపిక దానంతట అదే అయితది. చుక్క ఇంకే తోలుకు డై. చుక్క నిలబడే కోటింగ్ తోలుకు పిగ్మెంట్. దీన్ని తిప్పి చేస్తే రెండు దిక్కుల నష్టమే, కోటింగ్ ఉన్న కారు సీటుకు స్పిరిట్ డై రాస్తే అది లోపటికి పోలేక పైన్నే ఎండి కూసుంటది, ఎండకాలం చెమటకు తెల్ల చొక్కా వీపు మొత్తం గోధుమరంగు అయితది. నూనె పట్టిన పుల్-అప్ బ్యాగుకు అక్రిలిక్ పెయింట్ కొడ్తే మడత పడేకాడ పొర లేసి అట్టు ఊడినట్టు ఊడుతది.

డైలల్ల రకాలు మూడు అనుకోండ్రి. స్పిరిట్ డై (ఆల్కహాల్ బేస్) మంచిగ లోపటికి దిగుతది, ముదురు రంగులు బాగ పడ్తయి, కాని గబుక్కున ఎండుతది కాబట్టి చారలు పడ్తయి, తోలుల ఉన్న నూనెను గూడ గుంజేస్తది, అందుకే డై ఎండినంక పలుచగ కండిషనర్ పెట్టాలె, లేకపోతే ఒంచితే తోలు కర్రకర్రమంటది. వాటర్ బేస్ డై వాసన తక్కువ, ఇంట్ల పిల్లలున్నోళ్లకు నయం, ఎక్కడైనా చార పడ్తే సరిచేసుకునే టైమిస్తది, కాని లోపటికి తక్కువ దిగుతది, తోలు కొద్దిగ గట్టిపడ్తది, పైన సీల్ చెయ్యకపోతే వానల తడిస్తే రంగు కారుతది. మూడోది ఆయిల్ డై అని అమ్మేది, పేరుకే ఆయిల్, అసలుకు దాంట్ల గూడ సాల్వెంటే ఎక్కువుంటది, కాని మామూలు స్పిరిట్ డై కంటే మెల్లగ ఎండుతది, రంగు సమానంగ పరుచుకుంటది. ఫీబింగ్స్ వాళ్ల ప్రో డై ఇసొంటిదే, ఒకప్పుడు దాని పేర్లనే ఆయిల్ డై అని ఉండేది. మొదటిసారి చేసేటోళ్లకు నేను దీన్నే చెప్త, కొంచెం ధర ఎక్కువైనా సరే, ఒక రోజు ఎండబెట్టే ఓపిక ఉంటే చాలు.

మే నెల మధ్యాహ్నం వరంగల్ల స్పిరిట్ డై పెట్టుడంటే, మీరు ఒక చివర నుంచి రెండో చివరకు పోయేలోపట్నే మొదటిది ఎండిపోయి ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోటల్ల నల్లచార నిలుస్తది. పొద్దుగాల ఆరు ఏడు లోపటనో పొద్దు గూకినంకనో పెట్టుకోండ్రి, ఫ్యాన్ బంద్ చేసి. గుండ్రంగ చిన్న చిన్న సుట్లు తిప్పుకుంట రాయాలె, పొడువు గీతలు వద్దు. ఒక్కటే ముదురు కోటు కంటే స్పిరిట్ కలిపి పలుచగ చేసి రెండు మూడు కోట్లు మేలు. నల్లరంగు అయితే ఇంకో తిప్పలు, ఎక్కువ రాస్తే పీల్చుకోని డై పైన ఎండి ఎండల నీలం, పచ్చ మెరుపు కొడ్తది, దాన్ని పొడిగుడ్డతోని రంగు రాకుండా అయ్యేదాక రుద్ది రుద్ది తియ్యాలె. ఈ రుద్దుడు అన్ని రంగులకు అవసరమే, జనం దీన్నే ఎగ్గొడ్తరు, తర్వాత రంగు అంటుతున్నదని కంపెనీని తిడ్తరు.

బట్టలకేసే రంగు పొడి ఉడకబెట్టి ముంచొచ్చా అని అడుగుతుంటరు. వద్దు. చెట్టు బెరడుతోని ట్యాన్ చేసిన తోలు 70, 80 డిగ్రీల వేడి నీళ్లల్లనే ముడుసుకపోతది, మళ్ల సాగదు. క్రోమ్ ట్యాన్ తోలు, అంటే క్రోమియం ఉప్పుతోని పదును చేసింది, వేడికి కొంచెం ఎక్కువ ఓర్చుకుంటది గని కుట్లు, లోపటి అట్ట, బంక ఓర్చుకోవు.

కిర్రు చెప్పుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలనిపిస్తది, ఎందుకంటే ఇవి మన దిక్కు తంగేడు చెక్క, కరక్కాయ లాంటి వాటితోని ట్యాన్ చేసిన తోలు, ఈ తోలుకు ఉన్న గుణం ఫ్యాక్టరీ క్రోమ్ తోలుకు ఉండదు. దీంట్ల టానిన్, అంటే బెరడుల, కాయలల్ల ఉండే వగరు పదార్థం ఉంటది, టానిన్‌కు ఇనుము తగిలితే నల్లగ అయితది. కలంకారీల నల్లరంగు ఎట్ల చేస్తరో గుర్తు తెచ్చుకోండ్రి, బెల్లం నీళ్లల్ల తుప్పు ఇనుప ముక్కలు పులియబెట్టి కరక్కాయ పట్టిచ్చిన బట్ట మీద గీస్తరు, గీసిన కాడ నల్లబడ్తది. తోలుకు గూడ అదే లెక్క, వెనిగర్ల ఇనుప పీచు నానబెట్టి ఆ నీళ్లు వడబోసి రాస్తే పాత చెప్పు నిమిషాలల్ల నల్లబడ్తది, ఆ నలుపు రుద్దితే రాదు, నీళ్లకు కారదు, ఎందుకంటే అది రాసిన రంగు కాదు, తోలుల పుట్టిన రంగు. తర్వాత వంటసోడా కొద్దిగ కలిపిన నీళ్లతోని ఒకసారి తుడిచి, మంచినీళ్లతోని తుడిచి, నీడకు ఆరబెట్టి నూనె పెట్టాలె. ఇది క్రోమ్ తోలుకు పని చెయ్యదు, ఎందుకంటే దాంట్ల టానిన్ లేదు. చెప్పు అంచు కోసిన కాడ చూడుండ్రి, మొత్తం గోధుమరంగుల ఉంటే వెజ్ ట్యాన్, మధ్యల బూడిద నీలం ఛాయ ఉంటే క్రోమ్, ట్యాన్ చేసినప్పుడు క్రోమ్ తోలు నీలంగనే ఉంటది, అందుకే దాన్ని వెట్ బ్లూ అంటరు. నల్లగ కావాలంటే కిర్రు చెప్పుకు నేను కొనే డై కంటే ఈ ఇనుప నీళ్లకే ఓటేస్త. ట్యాన్ రంగు, ఎర్రరంగు కావాలంటే మటుకు ఆయిల్ డైనే.

ఇగ కారు సీట్లు, సోఫాలు. ఇక్కడ రంగు కంటే ముందు చేసే పనే గొప్పది. సర్ఫ్ నీళ్లు, బట్టల సబ్బు వాడకుండ్రి, తోలు ఆమ్లం దిక్కు ఉంటది, సబ్బు క్షారం, రెండు పడవు, రాను రాను తోలు గట్టిపడి పగుళ్లు వస్తయి. లెదర్ క్లీనర్ దొరక్కపోతే పిల్లల షాంపూ రెండు చుక్కలు, మెత్తటి బ్రష్షు, నురగతోనే తుడుచుడు, నీళ్లు పొయ్యుడు లేదు. బోరు నీళ్లు ఎండితే తెల్లటి మరకలు పడ్తయి, రంగు పలుచన చెయ్యడానికి గూడ ఫిల్టర్ నీళ్లే వాడుకోండ్రి. తర్వాత ఐపీఏ గానీ డీగ్లేజర్ (పాత ఫినిష్ తీసే మందు) గానీ గుడ్డకు అద్ది పాత మైనం, సిలికాన్ పాలిష్ తీసెయ్యాలె. కారు వాష్ చేసేటప్పుడు డ్యాష్‌బోర్డుకు కొట్టే మెరుపు స్ప్రే సీట్లకు గూడ కొడ్తరు గదా, దాంట్ల సిలికాన్ ఉంటది, అది పూర్తిగ తియ్యకుండ రంగేస్తే రంగు చేప కళ్లలాగ గుండ్రగుండ్రగ విడిపోతది. పగుళ్లుంటే లెదర్ ఫిల్లర్ పలుచ పలుచగ మూడు నాలుగుసార్లు, ప్రతిసారి ఎండినంక 600 నంబర్ ఎమ్రీ పేపర్ తోని సాపు చేసి, అప్పుడు రంగు. గోడకు పెట్టే లప్పం, కారు బాడీకి పెట్టే పుట్టీ పెట్టకుండ్రి, ఒక్కసారి కూసుంటే పటుక్కుమంటది.

పిగ్మెంట్‌ల వాటర్ బేస్ తీస్కోండ్రి, ఇంట్ల చేసేటోళ్లకు ఇంకోదాని అవసరం లేదు. మొదటి కోటు స్పాంజ్ తోని పగుళ్లల్లకు ఒత్తుకుంట, తర్వాతివి స్ప్రే చేస్తే ఫ్యాక్టరీ పని లాగ కనిపిస్తది, స్పాంజ్ తోనే చేసినా బాగుంటది కాని ప్రతి కోటు పలుచగ ఉండాలె, మధ్యల హెయిర్ డ్రయర్ తిప్పాలె. షేడ్ కలుపుకునేటప్పుడు లేత రంగుల ముదురుది చుక్క చుక్క వెయ్యాలె, ముదురు దాంట్ల లేతది పోసుకుంట పోతే బకెట్ రంగు తయారైతది. బేజ్ అంటే తెలుపు, దాంట్ల పసుపు కొంచెం, బ్రౌన్ కొంచెం, నలుపు సూదిమొన అంత. షేడ్ ట్యూబ్‌లైటు కింద చూడొద్దు, పగటి వెలుతురుల, ఎండినంక చూడాలె, తడిగ ఉన్నప్పటి రంగు ఎండినంక ఉండదు.

స్ప్రే గన్ను, కంప్రెసర్ కోసం ఆటోనగర్ల పెయింటర్ల దగ్గరికి పోతే అద్దెకో మాటసాయంగనో దొరకొచ్చు, గన్ను వరకే తెచ్చుకోండ్రి. వాళ్ల కారు పెయింటు, థిన్నర్, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ తోలు మీద కొట్టమని ఒప్పుకోవద్దు, ఇనుప రేకు ఒంగదు, తోలు రోజూ ఒంగుతది, రేకు కోసం చేసిన పెయింటు సీటు మీద నెలరోజులల్ల సాలెగూడు లాగ పగుళ్లు పడ్తది. చెప్పుల, బ్యాగుల ఫ్యాక్టరీలల్ల వాడే ఎన్‌సీ లక్కర్ వేరే ఉన్నది, దాంట్ల మెత్తదనం కోసం ప్లాస్టిసైజర్ కలుపుతరు, అది మెరుపు మంచిగ ఇస్తది, తొందరగ ఎండుతది, కాని రాను రాను పసుపురంగు తిరుగుతది. తెల్లవి, లేత రంగులవి ఉంటే దాని జోలికి పోవద్దు.

పైన ఫినిష్ ఏది అనే కాడ చాలామంది పొరపడేది, మెరుపు ఎక్కువ ఉంటే గట్టి అనుకుంటరు. మెరుపుకు, గట్టితనానికి సంబంధం లేదు. గట్టితనం ఇచ్చేది లోపటి రెసిన్ (పొరను పట్టి ఉంచే బంక), మెరుపు తగ్గిచ్చేది దాంట్ల కలిపే మ్యాటింగ్ ఏజెంట్. ఇప్పటి కారు సీట్లు ఎక్కువ మ్యాట్ (మెరుపు లేనిది), సోఫాలు సాటిన్ (సగం మెరుపు), డ్యూటీ బూట్లు గ్లాసీ (నిండు మెరుపు). సీటుకు గ్లాసీ కొడ్తే కొత్తగ ఉన్నది అనిపియ్యదు, రెక్సిన్ లాగ కనిపిస్తది.

అక్రిలిక్ ఫినిష్ (ఫీబింగ్స్ రెసొలీన్ లాంటిది) బెల్టుకు, బ్యాగుకు, డై వేసిన చెప్పుకు సరిపోతది, సగం సగం నీళ్లు కలిపి పలుచగ రెండు కోట్లు, ముద్దగ రాస్తే మడతల కాడ తెల్లగ పగులుతది. వాటర్ బేస్ పీయూ టాప్ కోట్ దీనికంటే ఒరిపిడికి ఎక్కువ ఆగుతది, సీట్లకు, స్టీరింగుకు, సోఫా చేతులకు ఇదే కావాలె. దీంట్ల క్రాస్‌లింకర్ (రెసిన్‌ను ముడేసి గట్టిచేసే మందు) కలిపితే ఇంకా గట్టిపడ్తది, నీళ్లకు, చెమటకు, శానిటైజర్‌కు గూడ తట్టుకుంటది, కాని కలిపినంక కొన్ని గంటల్లనే వాడెయ్యాలె, దాచుకుంటె సీసలనే గడ్డకడ్తది. క్రాస్‌లింకర్ రకాలల్ల కొన్ని ఊపిరితిత్తులకు, చర్మానికి మంచియి కావు, స్ప్రే కొట్టేటోళ్లు ముక్కుకు బట్ట కట్టుకుంటే సరిపోదు, పెయింటింగ్ రెస్పిరేటర్ వేసుకోవాలె, చేతులకు గ్లౌజులు, ఇల్లు బయట చెయ్యాలె. అంత తిప్పలు వద్దనుకుంటే క్రాస్‌లింకర్ లేని పీయూ కొని ఏడాదికోసారి స్టీరింగ్ మీద ఒక కోటు వేసుకోవచ్చు, అదేం తప్పు కాదు.

స్టీరింగ్ అందరికంటే ఎక్కువ తిప్పలు పెడ్తది. చేతి చెమట, నూనె, శానిటైజర్, ఎండ, అన్నీ దాని మీదనే. శానిటైజర్ల ఆల్కహాల్ ఉంటది కాబట్టి పాత ఫినిష్‌ను కరిగిస్తది, అందుకే పది, రెండు గంటల ముల్లుల కాడ రంగు ముందు పోతది. దానికి డై వేస్తే చేతులకే రంగు. పిగ్మెంట్ పలుచగ రెండు కోట్లు, పైన మ్యాట్ పీయూ రెండు మూడు, పూర్తిగ ఆరేదాక, అంటే కనీసం ఒక రోజు పట్టుకోవద్దు, వారం దాక తుడవద్దు.

మైనం ఫినిష్ బూట్లకు, పుల్-అప్ బ్యాగులకు బాగుంటది, తోలు ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటది, గీతలు పడ్డా రుద్దితే పోతయి. కాని తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీలకే కరుగుతది. మే నెలల ఎండల నిలబెట్టిన కారుల డ్యాష్‌బోర్డు దగ్గర ఆ వేడి వచ్చుడు పెద్ద విషయం కాదు, కాబట్టి కారుల పెట్టే దేనికీ తేనెమైనం ఎక్కువున్నది వద్దు, చెమట పట్టినట్టు జిడ్డు పైకొస్తది. కార్నౌబా మైనం 80 డిగ్రీలు దాటినంకనే కరుగుతది, ఎండల తిరిగే బూట్లకు అదున్న పాలిష్ చూసుకోండ్రి.

బూట్లకు క్రీమా, డబ్బా పాలిషా అంటే, రెండు రెండు పనులు. క్రీమ్‌ల రంగు ఎక్కువ, నూనె ఎక్కువ, వెలిసిన బూటుకు రంగు తెస్తది. చెర్రీ బ్లోసమ్, కివీ లాంటి డబ్బా పాలిష్‌ల మైనం ఎక్కువ, మెరుపు తెస్తది. రంగు వెలిసిన బూటుకు డబ్బా పాలిష్ ఎంత రుద్దినా లోపల తెల్లగనే ఉంటది. ముందు క్రీమ్, ఆరినంక డబ్బా. మామునూర్ బెటాలియన్ దిక్కు పరేడ్ బూట్లు మెరిపిచ్చేటోళ్లను అడగండ్రి, మడమ, ముందు ముక్కు మీదనే పలుచ పలుచగ పాలిష్, మధ్యల నీళ్ల చుక్క, మళ్ల పాలిష్, అట్ల కడ్తరు, మడత పడే చోట అంత మందం పెట్టరు, పెడ్తే పగులుతది. లిక్విడ్ పాలిష్, ఆ స్పాంజ్ మూత సీసాలది, అర్జెంటుగ పెండ్లికి పోయేదానికే గాని రోజూ వద్దు, పొరలు కట్టి కొన్నాళ్లకు పగులుతది.

రీకలరింగ్ బామ్ అని ఇంకోటి ఇప్పుడు బాగ నడుస్తున్నది, మైనం నూనె రంగు కలిపిన ముద్ద. వెలిసిపోయిన అనిలిన్ సోఫాకు, పుల్-అప్ బ్యాగుకు మంచిది, సులువు, తప్పు జరిగినా పెద్దగ పాడు కాదు. పగిలిన, పొర లేసిన కారు సీటుకు అది ఏం చెయ్యదు, పగులులకు పోయి గీతలు ఇంకా ఎక్కువ కనిపిస్తయి. రాసినంక రెండు మూడు రోజులు తెల్లబట్టలతోని కూసోవద్దు.

న్యూబక్, స్వేడ్, అంటే పైన నూగు ఉండే తోళ్ల ముచ్చట చిన్నదే. వాటికి టాప్ కోట్ వెయ్యరు, కోటు వేస్తే ఆ నూగు చచ్చి మామూలు తోలైతది. స్వేడ్ స్ప్రే డై, ఎండినంక బ్రష్షు, పైన నీళ్లు పట్టకుండ స్ప్రే. అంతే.

నూనెల గురించి ఇంట్ల పెద్దోళ్లు చెప్పే మాటలు సగం నిజం. ఆముదం మందమైన కిర్రు చెప్పుకు కొంచెం కొంచెం పెట్టొచ్చు, అది ఎండదు కాబట్టి ఎక్కువ పెడ్తే జిగటగ అయ్యి మన్నంత దానికే అంటుతది. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల కిందికి పోతే గడ్డకడ్తది, డిసెంబర్ల మన దగ్గర పొద్దుగాల సీసల ఎట్ల తెల్లగ గడ్డకడ్తదో తోలుల గూడ అట్లనే, బూటు మీద తెల్లటి పొర కనిపిస్తది, జనం బూజు అనుకుంటరు. నీట్స్‌ఫుట్ ఆయిల్, అంటే పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసేది, వెజ్ ట్యాన్ తోలుకు బాగ దిగుతది, కాని రంగు ముదురు చేస్తది, లేత ట్యాన్ రంగు అట్లనే ఉండాలనుకునేటోళ్లకు పనికిరాదు. ఏ నూనె అయినా రంగు వేసే ముందు మటుకు పెట్టొద్దు, డై దిగదు, పిగ్మెంట్ అతకదు. కోటింగ్ ఉన్న సీట్లకు నూనె పెట్టుడు శుద్ధ దండుగ, లోపటికి పోయే తోవ లేదు, పైన దుమ్ము పట్టుకోవడానికే.

డప్పుకు మటుకు ఇవేవీ వద్దు. డప్పు మీదది ట్యాన్ చెయ్యని పచ్చితోలు, దానికి నూనె తగిలినా ఫినిష్ తగిలినా మెత్తబడి మోత పోతది. దాన్ని మంట కాడ కాపి బిగిచ్చుకునుడు తెలిసినోళ్ల చేతికే వదిలెయ్యాలె, రంగు కావాలంటే చక్రం కర్రకు వేసుకోండ్రి.

వానకాలం, జూలై నుంచి సెప్టెంబర్ దాక, పిగ్మెంట్ పని కంటే శుభ్రం చేసి దాచుకునుడే మేలు. గాలిల తడి ఉంటే వాటర్ బేస్ టాప్ కోట్ లోపట ఆరక మబ్బు మబ్బుగ తెల్లగ కనిపిస్తది, అది ఆరినంక పోతది కొన్నిసార్లు, పోకపోతే మొత్తం తీసి మళ్ల కొట్టాలె. బూజు పట్టిన బ్యాగుకు రంగేసి కప్పుదాం అనుకోవద్దు, బూజు లోపట్నే ఉంటది, ముందు ఎండపొడల ఆరబెట్టి, బయట బ్రష్షుతోని దులిపి, ఐపీఏ నీళ్లు సగం సగం కలిపి తుడిచి, వాసన పోయినంకనే రంగు సంగతి.

కొనేటప్పుడు ఒక మాట. కిట్లు అని ఏడెనిమిది చిన్న డబ్బాలతోని వచ్చేయి ఉంటయి, సిగరెట్ కాలిన రంధ్రానికి, పిల్లి గీకిన గీతకు అవి చాలు, ఒక సీటు మొత్తానికి చాలవు, సగంల రంగు అయిపోతే మళ్ల అదే షేడ్ కలుపుడు తలనొప్పి. సీటు మొత్తం చేసేటోళ్లు క్లీనర్, డీగ్లేజర్, ఫిల్లర్, పిగ్మెంట్, టాప్ కోట్ ఒకే కంపెనీవి తీస్కోండ్రి, ఒకదాని రెసిన్ ఇంకోదానికి అతుకుతదో లేదో చూసుకునే బాధ తప్పుతది. డబ్బులు తక్కువుంటే రంగుల తగ్గిచ్చుకోండ్రి గాని టాప్ కోట్‌ల కాదు, మామూలు పిగ్మెంట్ మీద మంచి పీయూ ఆగుతది, మంచి పిగ్మెంట్ మీద చవక కోటు ఆగదు.

కుట్లు తెగిన సీటుకు, బ్యాగుకు ముందు రంగేసి తర్వాత కుట్టిచ్చుడు ఉల్టా పని, మోచీ దగ్గరనో సీట్ కవర్ల షాపులనో ముందు కుట్టిచ్చుకొని రాండ్రి, ఎందుకంటే మిషిన్ పాదం కొత్త ఫినిష్ మీద గీతలు పెడ్తది. కుట్టినంక కొత్త దారం రంగు పాతదానితోని కలవకపోతే కలిపిన పిగ్మెంటే సన్నటి బ్రష్షుతోని దారం మీద రెండుసార్లు పెట్టుండ్రి, ఆరినంక తేడా తెల్వదు.